ఉప్పు ఆవిరవదు

లోకంలో భార్యలకు భర్తల మీద రకరకాల ఫిర్యాదులుంటాయి. తాగుతాడనో, పేకాడతాడనో, తక్కువలో తక్కువ గురక పెడతాడనో. భూతద్దం పిన్నికి ఆ అదృష్టం కూడా లేదు. ఆవిడ మొగుడు నాచు పెంచుతాడు.

ఆయన మాత్రం పగడాలు పెంచుతున్నాననే అంటాడు. ముందుగదిలో టీవీ ఉండాల్సిన చోట గాజుతొట్టె పెట్టి, ఉప్పునీళ్ళు పోసి, రాళ్ళు పేర్చి, వాటి మీద పూలలాంటి ప్రాణులు విచ్చుకుంటాయని మూడు నెలలుగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాడు. విచ్చుకున్నది నాచు. మొదట గోధుమరంగు పొడిలా వచ్చింది. అది పోయిందని సంబరపడేలోగా ఎర్రగా జిగురుపొరలా కమ్ముకుంది. ఇప్పుడు ఆకుపచ్చగా, జుట్టులాగా, దువ్వితే జడవేయొచ్చన్నంత పొడుగ్గా పెరిగింది. కొత్త ట్యాంకుకి ఇవన్నీ బాలారిష్టాలని ఆయన వచ్చినవాళ్ళందరికీ నచ్చజెప్తుంటాడు. కన్నకొడుకు పదో తరగతి ఏ సెక్షనో చెప్పలేని మనిషికి, ఆ నీళ్ళలో ఉప్పు ఎంతుందో నిద్రలో లేపి అడిగినా నోటికొచ్చు.

పిన్ని డిటెక్టివ్. వంటింటి వెనక చిన్నగదిలో ఆవిడ ఆఫీసు. తప్పిపోయిన పిల్లులూ, తప్పించుకున్న మొగుళ్ళూ ఆవిడ ప్రత్యేకత. కళ్ళజోడు మందాన్ని బట్టి వీధివాళ్ళు పెట్టిన పేరు భూతద్దం. ఆ పేరు ఆవిడకీ నచ్చింది కాబట్టి బోర్డు మీద కూడా అదే రాయించుకుంది.

ఆ మధ్యాహ్నం ఫోను మోగేసరికి ఆయన ఒక రాయిని బకెట్లో పెట్టుకుని టూత్‌బ్రష్షుతో తోముతున్నాడు. ఆ బ్రష్షు ఎవరిదన్న విచారణ పిన్ని అప్పుడే మొదలుపెట్టబోతోంది. ఫోనులో ఉప్పమ్మాయి గొంతు. ఉప్పమ్మాయంటే చేపల సామాన్ల కొట్లో ఆయనకి ఉప్పు అమ్మి, నాచు గురించి ఓపిగ్గా పాఠాలు చెప్పిన పిల్ల. కొత్తగా కట్టిన పిల్లల లైబ్రరీలో గోడంత ఉప్పునీళ్ళ ట్యాంకు పెడితే, దాన్ని చూసుకునే పనికి ఆ పిల్లనే పెట్టుకున్నారు. ఇవాళ నాలుగింటికి ఆ లైబ్రరీ ప్రారంభం. ట్యాంకు నిండా నాచు పట్టించి చెడగొట్టింది నువ్వేనంటూ పోలీసులు తనని కూర్చోబెట్టేశారనీ, ప్రారంభం కాగానే స్టేషనుకి తీసుకెళ్తారనీ ఆ పిల్ల ఏడుపు దిగమింగుకుంటూ చెప్పింది.

ఆయన రాయిని వదిలేసి లేచాడు. "ఆ అమ్మాయి లోపలికెళ్తే నా ట్యాంకు గతేమిటోయ్?"

"మీ ట్యాంకుకి గతులు ఎప్పుడో పోయాయి," అంది పిన్ని, హ్యాండ్‌బ్యాగు వెతుక్కుంటూ. "ఆ పిల్ల నిజంగా చేసుంటుందంటారా?"

నాచు రావడానికి కారణాలు మూడేనని ఆయన బ్రష్షుతో గాల్లో లెక్కపెట్టాడు. వెలుగెక్కువ కావాలి, లేదా తిండెక్కువ కావాలి, లేదా పోసిన నీళ్ళు మంచివి కాకపోవాలి. నాలుగోది లేదు. ఉప్పమ్మాయికి ఈ మూడూ సరిచూసుకోనిదే నిద్రపట్టదు కాబట్టి చేసింది ఆ పిల్ల కాదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఒక సంగతిని ఇంత సూటిగా చెప్పడం పిన్ని ఎప్పుడూ వినలేదు. ఆటో ఎక్కింది.

*

లైబ్రరీ హాలు తలుపు తీయగానే పిన్ని మొదట చూసింది ట్యాంకుని కాదు, బావగారిని. అదీ ఆవిడ దురదృష్టమే. అక్క మొగుడు ఇన్స్పెక్టరు. పాతికేళ్ళ సంసారంలో ఒక్కసారి కూడా పొరపాటయిందని ఒప్పుకోని మనిషి. ఒకసారి వేరే ఊరి రైలెక్కి, అక్కడ దిగి, ఇదీ చూడాల్సిన ఊరేనని రెండు రోజులుండి వచ్చాడు.

"వచ్చావా మరదలా," అన్నాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకని అడగను. నీకు అలవాటే."

"కందని మీరు కూర్చోబెట్టేశారు కదా బావగారూ. గోక్కోడానికైనా ఒకళ్ళుండాలిగా."

ట్యాంకు ఒక గోడ పొడుగునా ఉంది. మోకాలెత్తు దిమ్మ మీద మనిషెత్తు అద్దం. దాని ముందు ఈ చివరినుంచి ఆ చివరిదాకా మెత్తలు కుట్టిన బెంచీ. పిల్లలు చేపలకి వీపు ఆనించి పుస్తకాలు చదువుకోవాలని ఏర్పాటు. కానీ చేపలు కనబడితేగా. అద్దం లోపలివైపంతా ఆకుపచ్చ నాచు తెరలా పట్టేసింది. రాళ్ళు గడ్డివాముల్లా ఉన్నాయి.

హాలులో ఇంకా ముగ్గురున్నారు. పుస్తకాల బీరువా పక్కన స్టూలు మీద ఉప్పమ్మాయి. మైకు దగ్గర లైబ్రరీ అధ్యక్షురాలు. రిటైరైన హెడ్మిస్ట్రెస్ కాబట్టి అందరూ మేడమ్ అంటారు, ఆవిడ కూడా అందరినీ వెనక బెంచీ వాళ్ళలాగే చూస్తుంది. ట్యాంకుకి బాగా దూరంగా, తలుపు పక్కనున్న ఇనప కుర్చీలో పెద్ద ఇంజనీరు. ఊళ్ళో సగం వంతెనలూ, నీళ్ళ ట్యాంకులూ ఆయన కట్టినవే. ఈ ట్యాంకూ ఆయన చేతిదే. నాలుగింటికి మొదటి ప్రసంగం ఆయనదే. మోకాలికి పట్టీ, చేతిలో కర్ర, జేబులోంచి తొంగిచూస్తున్న ప్రసంగం కాగితం.

బావగారి కేసు చాలా నున్నగా ఉంది. నాచు ఇలాగే ఉంటే నిన్ను మాన్పించేస్తానని మేడమ్ పోయిన నెల ఉప్పమ్మాయితో అంది. ఆ కోపంతో ఈ పిల్ల నీళ్ళలో ఎరువు కలిపింది. సాక్ష్యం మెట్ల కింద దొరికింది: ఖాళీ ఉప్పు సంచులు, ఒకటీ రెండూ కాదు, ఒక గుట్ట. నీళ్ళు నింపినప్పుడు వేసిన ఉప్పు కాక ఇంత ఉప్పు ఎవరికైనా ఎందుకు? ఉప్పు సంచుల్లో ఎరువు తెచ్చి పోసిందన్నమాట. అడుగున మిగిలిన తెల్లపొడిని ఆయన ఒక కవరులో వేసి మూతి అంటించాడు.

"ఉప్పు తిన్నవాళ్ళు నీళ్ళు తాగక తప్పదు మరదలా," అన్నాడు కవరు ఊపుతూ.

"అది ఉప్పే కదా బావగారూ. నాలిక మీద వేసుకుంటే తెలిసిపోతుంది."

"నాలికతో దర్యాప్తు చేసే రోజులు పోయాయి. ల్యాబు చెప్పాలి."

పిన్ని గడియారం చూసింది. రెండు కూడా కాలేదు. ల్యాబు నోరు విప్పేలోగా ఆ పిల్ల బతుకు వీధిన పడుతుంది. చేపల కొట్టు ఉద్యోగం వదులుకుని వచ్చింది. చెడగొట్టిన మనిషి అని ఒకసారి పేరు పడితే ఏ కొట్టువాడూ మళ్ళీ గడప తొక్కనివ్వడు.

*

స్టూలు దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుని, ఏడవకుండా చెప్పమంది పిన్ని. ఆ పిల్ల ఏడవకుండానే చెప్పింది. చేపలకి తిండి పొదుపుగానే వేస్తోంది. దీపాలు పొద్దున్న వేసి సాయంత్రం ఆర్పేస్తోంది. అద్దం మీద నాచుని పైనున్న పలక మీదనుంచి పొడుగుకర్ర బ్రష్షుతో గీకుతోంది. ఈ రెండు నెలల్లో ఆ పిల్ల గీకని రోజు లేదు, నాచు పెరగని రోజూ లేదు.

"సరే. మరి ఇంత ఉప్పేం చేశావు?"

ఆ పిల్ల మేడమ్ వైపు భయంగా చూసి గొంతు తగ్గించింది. నీళ్ళలో ఉప్పు రోజురోజుకీ పల్చబడుతోందట. కలిపితే నాలుగు రోజులకి మళ్ళీ అంతే. కలపకపోతే పగడాలు చస్తాయి. ఎంత వేసినా ఇసుకలో పోసిన నీళ్ళలా ఉప్పు ఎక్కడికి పోతోందో తెలీదు. చేతకానిదనుకుంటారని సంచులు మెట్ల కింద దాచింది.

"ఎవర్నీ అడగలేదా?"

"ఇంజనీరుగారిని ఫోనులో అడిగానండీ. నీ మీటరు చెడిపోయిందన్నారు. కొత్తది తెచ్చాను, అదీ అంతే చూపించింది. మళ్ళీ అడిగితే, పెద్ద ట్యాంకు కదా, ఆవిరవుతోందన్నారు."

పిన్ని ఆ పిల్ల మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. కానీ ఆవిడ చూస్తున్నది మొహాన్ని కాదు, తన ఇంట్లో పొయ్యిని. కూర పొయ్యి మీద పెట్టి ఫోనులో మాటల్లో పడితే ఏమవుతుంది? నీళ్ళన్నీ ఇగిరిపోతాయి. కూర ఉప్పుకషాయమవుతుంది. నోట్లో పెట్టుకుని ఆయన మొహం చిట్లిస్తాడు. ఇరవై ఏళ్ళుగా వంట చేస్తోంది, ఇగిరిన కూరలో ఉప్పు తగ్గడం ఒక్కనాడూ చూడలేదు.

"ఆవిరైతే ఉప్పు తగ్గుతుందా అమ్మాయ్?"

"తగ్గదండీ. పెరగాలి." ఆ పిల్ల గొంతు ఇంకా సన్నబడింది. "నేనూ అదే అనుకున్నాను. కానీ అంత పెద్దమనిషి చెప్పాక, నేనే ఎక్కడో తప్పు చేస్తున్నానేమో అనిపించింది."

ఆవిరి నీళ్ళనే తీసుకుపోతుంది, ఉప్పుని తొట్టెలోనే వదిలిపోతుంది. ఉప్పు కూడా పోతోందంటే నీళ్ళు గాల్లోకి పోవడం లేదు. నీళ్ళు నీళ్ళుగానే పోతున్నాయి. ఎక్కడినుంచో, ఎక్కడికో.

పిన్ని లేచింది. పిల్లుల కేసుల్లో ఇంత గబగబా ఎప్పుడూ లేవలేదు.

*

ట్యాంకు వెంబడి ఈ చివరినుంచి నడిచింది. నాచు, నాచు, నాచు. ఆ చివర, ముందు అద్దమూ పక్క అద్దమూ కలిసే మూల దగ్గర ఆగిపోయింది. అక్కడ ఒక్క చార మాత్రం, అరచేతి వెడల్పున, అప్పుడే కడిగిన గ్లాసులా మెరుస్తోంది. అందులోంచి చూస్తే రెండద్దాల అతుకూ, అందులో మొలలోతు దాకా పాకిన సన్నటి తెల్లగీతా స్పష్టంగా కనబడుతున్నాయి. బయటివైపు ఆ మూలకి పైనుంచి కిందిదాకా స్టీలు పట్టీ బిగించి ఉంది.

"ఇది నువ్వు గీకావా?"

కాదంది ఉప్పమ్మాయి. తను గీకితే ఒక చివరినుంచి రెండో చివరిదాకా గీకుతుంది, ఒక్క చార గీకి వదిలేస్తే ఏం లాభం? ఆ చార రోజూ పొద్దున్నకి కొత్తగా మెరుస్తూ ఉంటోందట. చిన్నచిన్న మరకలకి వాడే అయస్కాంతం బ్రష్షొకటి ఉంది. ఒక ముక్క అద్దం లోపల, ఒక ముక్క బయట. బయటిది జరిపితే లోపలిది దానంతటదే జరుగుతుంది. దాన్ని తను తలుపువైపు చివర వదిలి వెళ్తే, పొద్దున్నకి ఈ మూలకి వచ్చేసి ఉంటోంది. వాచ్‌మన్ ఆడుకుంటున్నాడేమో అనుకుంది.

"చూశావా మరదలా, అబద్ధం ఎంత అందంగా అల్లుతోందో," అన్నాడు బావగారు వెనకనుంచి.

పిన్ని చారని చూపుతో కొలిచింది. ఆ చార భుజాల ఎత్తున మొదలై నడుము దగ్గర ఠక్కున ఆగిపోయింది. నాచు దట్టంగా ఉండేది అడుగున. శుభ్రం చేయాలనుకున్నవాళ్ళు అడుగునుంచే మొదలెడతారు. వీళ్ళకి శుభ్రం అక్కర్లేదు. ఆ అతుకు కనబడితే చాలు. నాచు మూసేసిన కిటికీని రోజూ కొంచెం తెరిచి, లోపలికి తొంగిచూసి పోతున్నారు.

ఆవిడ స్టీలు పట్టీకి ముక్కు ఆనించింది. ఘాటు వాసన. వంటింట్లో కెటిలుకి తెల్లగా గారపడితే తను దేనితో వదిలిస్తుందో ఆ వాసన. వెనిగరు. ఉప్పునీళ్ళు కారి ఎండితే తెల్లటి పెచ్చు కడుతుంది, దాన్ని ఎవరో వెనిగరు గుడ్డతో తుడిచేస్తున్నారు. పిన్ని ఉప్పమ్మాయి బకెట్లూ సీసాలూ అన్నీ తెరిపించి చూసింది. ఎక్కడా వెనిగరు లేదు.

ఇప్పుడు పిన్ని చేసిన పనికి మేడమ్ కూడా నోరు తెరిచింది. పిన్ని చీర కొంగు నడుముకి చుట్టి, శుభ్రంగా నేల మీద వెల్లకిలా పడుకుని, బెంచీ కిందికి తల దూర్చింది.

"పక్క వేయించమంటావా?" అడిగాడు బావగారు.

"వద్దు. టార్చి ఇవ్వండి."

ఎవరింట్లోనైనా మోకాళ్ళు నొప్పిపుట్టిన మనిషి తుడిచిందా, లేదా అన్నది నడిగదిలో తెలీదు, సోఫా కింద తెలుస్తుంది. వంగలేని చెయ్యి ఎంత శ్రద్ధగా తుడిచినా దానికి అందేంతవరకే తుడుస్తుంది. స్టీలు పట్టీ పైభాగమంతా తళతళలాడుతోంది. బెంచీ చాటున, పట్టీ చివర, దిమ్మ మొదట్లో తెల్లటి ఉప్పు పెచ్చు పుట్టగొడుగులా పెరిగి ఉంది. దాని కిందనుంచి ఆకుపచ్చగా, సన్నగా, బొటనవేలంత గడ్డం వేలాడుతోంది. తొట్టెలో కాదు. తొట్టె బయట. నాచు పొడినేల మీద మొలవదు. గడ్డం కొసన ఒక చుక్క నిండుతోంది, రాలి దిమ్మ సందులోకి జారిపోతోంది, ఇంకోటి నిండుతోంది.

బయటికి వచ్చి, దుమ్ము దులుపుకుని, ట్యాంకు వెనక అల్మరా తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగింది. రెండే చెవులున్నాయంది మేడమ్, ఒకటి తన గుత్తిలో, రెండోది పెద్ద ఇంజనీరుగారి దగ్గర, హాలు తాళంచెవితో పాటు. తను మాత్రం ఆ తలుపు ఇంతవరకూ తీయలేదు. తీయించి చూస్తే అక్కడ పెద్ద పరిశోధన అవసరమే లేకపోయింది. నీటిమట్టం తగ్గితే ఫ్లోటు తెరుచుకుని, ఫిల్టరులో శుభ్రమైన నీళ్ళు ట్యాంకులోకి నింపాలి. ఆ ఫిల్టరుని పక్కనబెట్టి, కుళాయి గొట్టాన్నే నేరుగా ఫ్లోటుకి తగిలించేశారు. కొత్త గొట్టం, కొత్త బిగింపు. ఫిల్టరు చుక్కచుక్కగా ఇస్తుంది. పోయే నీళ్ళు అంతకంటే ఎక్కువైతే మట్టం తగ్గి ఊరందరికీ తెలిసిపోతుంది. అందుకే పచ్చి కుళాయి నీళ్ళు. అవి తాగి నాచు పండగ చేసుకుంటోంది.

'పోసిన నీళ్ళు మంచివి కాకపోవాలి.' ఆయన చెప్పిన మూడోది. ఇంటికెళ్ళాక ఈ సంగతి ఆయనకి చెప్పకూడదని పిన్ని అప్పుడే తీర్మానించుకుంది. చెప్తే పట్టలేం.

*

ఇనప కుర్చీ దగ్గరికి వెళ్ళేసరికి మూడు దాటింది. బయట పిల్లల గోల మొదలైంది. ఎండగా ఉంది, తొందరగా లోపలికి పంపమని టీచర్లు తలుపు తడుతున్నారు.

"బాబాయిగారూ, నీళ్ళు నింపాక మీరు మళ్ళీ ఎప్పుడొచ్చారు?"

"ఇవాళేనమ్మా. కట్టడం వరకే నా పని. ఈ పచ్చదనం సంగతి ఆ అమ్మాయి చూసుకోవాలి."

"మోకాలు ఎన్నాళ్ళనుంచి?"

"రెండేళ్ళు కావస్తోంది. వంగనివ్వదు."

"వెనిగరు రాస్తే తగ్గుతుందాండీ?"

ఆయన అర్థం కానట్టు చూశాడు.

"మీ జేబురుమాలు ఆ వాసనే వేస్తోంది. అందుకని అడిగాను."

పెద్దాయన చెయ్యి తనకి తెలియకుండానే జేబు మీదికి పోయింది. తీరా పోయాక, ప్రసంగం కాగితం సర్దుకుంటున్నట్టు నటించింది. బావగారి కళ్ళు ఆ చేతినే చూశాయి. మనిషి మొండివాడే కానీ గుడ్డివాడు కాదు.

ఏం మాట్లాడుతున్నావు మరదలా, ఆయనెవరనుకున్నావు అంటూ ఆయన మందలించబోయాడు. మేడమ్ అయితే మందలించనే మందలించింది. యాభై ఏళ్ళలో ఆయన కట్టినదేదీ బీటవారలేదని, ఆయన మాట రాతిమీద గీత అని గొంతు పెంచింది. పిన్ని అన్నీ విన్నది. విని, తిన్నగా ఆ మూలకి నడిచి, స్టీలు పట్టీ పక్కనే బెంచీ మీద, అద్దానికి వీపు ఆనించి కూర్చుంది.

"వచ్చి కూర్చోండి బాబాయిగారూ."

పెద్దాయన కదల్లేదు.

"మీరు కట్టిన ట్యాంకే కదా. గంటకు పైగా చూస్తున్నాను, మెత్తటి బెంచీ ఇంత పొడుగున ఉండగా, మోకాలు నొప్పి పెట్టుకుని తలుపు దగ్గర ఇనప కుర్చీలో కూర్చున్నారు. ఇక్కడికి రండి. నాలుగు నిమిషాలు చాలు."

"నేను... కూర్చుంటే లేవలేనమ్మా."

"నేను లేపుతాను."

పెద్దాయన చూపు పిన్ని మీద లేదు. ఆవిడ తల వెనకనున్న ఆ శుభ్రమైన చార మీద ఉంది.

ఇక బావగారు ఆగలేకపోయాడు. ఆయన స్వభావమే అంత. పోట్లగిత్తలా వెళ్ళి మరదలి పక్కన ధబ్బున కూర్చున్నాడు. "ఇదిగో కూర్చున్నాను. నీళ్ళు తొట్టెలో ఉన్నాయి, నేను బెంచీ మీదున్నాను. ఏమైందిట?"

ఏమీ కాలేదు. ఆయన టోపీ సర్దుకున్నాడు. మీసం సవరించుకున్నాడు. ఆ తర్వాత చెయ్యి మెల్లగా మెడ వెనక్కి వెళ్ళింది. వేళ్ళు చూసుకుని, కప్పువైపు చూశాడు.

"ఏసీ కారుతోందా?"

"రుచి చూడండి బావగారూ."

దర్యాప్తు నాలికతో చేయకూడదన్న సంగతి ఆయనకి ఆ క్షణంలో గుర్తురాలేదు. వేలు నోట్లో పెట్టుకున్నాడు. మొహంలో రంగు దిగిపోయింది.

"ఉప్పు," అన్నాడు.

"ల్యాబుకి పంపుదామా?"

ఆయన లేచి నిలబడ్డాడు. పిన్ని లేవలేదు. స్టీలు పట్టీ వెనకనుంచి, ఎవరో వేళ్ళు విరుచుకున్నట్టు, చిన్నగా టక్కుమంది. ఉప్పమ్మాయి అద్దం మీదికి వంగింది. శుభ్రమైన చారలోంచి చూస్తే అతుకులో వెంట్రుకంత తెల్లగీత ఉంది. ఇందాక మొలలోతున ఉన్న గీత కొస ఇప్పుడు పొట్ట దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల ఆ సంగతి వేలు పెట్టి చూపించింది.

మేడమ్ మొహం పాలిపోయింది కానీ పట్టుదల పాలిపోలేదు. మూడు బళ్ళ పిల్లలు వాకిట్లో ఉన్నారు, ఊరంతా పిలుపులు వెళ్ళాయి. కాస్త చెమ్మ తగిలిందని, ఒక డిటెక్టివమ్మ బెంచీ కింద దూరిందని ఆపేస్తే రేపు తలెత్తుకునేదెలా? ఆవిడ పెద్దాయన వైపు తిరిగింది.

"మీరు చెప్పండి. నిలుస్తుందా, నిలవదా? నిలుస్తుందంటే తలుపు తీయిస్తాను. మీ మాట తప్ప నాకు ఇంకెవరి మాటా అక్కర్లేదు."

ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. కొన్ని నోళ్ళు యాభై ఏళ్ళు ఒకే మాటకి అలవాటు పడతాయి, రెండో మాట ఎలా పలకాలో వాటికి తెలీదు. అది పిన్నికి కొత్తకాదు. అక్క కాపురం చూసిన మనిషి.

"ఇవాళ్టికి గడిస్తే చాలనుకున్నారు కదూ," అంది మెత్తగా, కూర్చున్నచోటునుంచే. "రేపు ఏదో నెపం చెప్పి నీళ్ళు తీయించేద్దామనుకున్నారు. నాచు పేరు చెప్పే. ఆ పిల్ల పేరు చెప్పే. కాదంటే కాదనండి బాబాయిగారూ. నిలుస్తుందని మీరంటే నేను ఇక్కడే కూర్చుంటాను, పిల్లల్నీ నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను. మీరు చెప్పేదాకా మాత్రం లేవను."

"లే మరదలా," అన్నాడు బావగారు. ఆ గొంతులో ఎగతాళి లేదు. "లే. మీ అక్క నన్ను చంపేస్తుంది."

అప్పుడే తలుపు రెక్క దానంతటదే తెరుచుకుంది. బయటినుంచి ఎవరి భుజమో తోసి ఉంటుంది. కట్ట తెగినట్టు పిల్లలు లోపలికొచ్చేశారు. ముందువరసలోని వాళ్ళు ఆకుపచ్చ గోడని చూసి ఒక్క క్షణం నోళ్ళు తెరిచారు, ఆ తర్వాత ఎవరు ముందు పడతారో చూద్దామన్నట్టు బెంచీవైపు పరిగెత్తారు. మేడమ్ కేకలు ఆ గోలలో కలిసిపోయాయి. బావగారు చేతులు చాచి అడ్డం పడ్డాడు. ఇద్దరు ఆయన చంకల కిందనుంచి దూరిపోయారు. పట్టీ వెనకనుంచి మళ్ళీ టక్కుమంది, ఈసారి అందరికీ వినబడేలా.

కర్ర నేలమీద పడిన చప్పుడైంది. పెద్దాయన కర్ర లేకుండా నడుస్తున్నాడు. కుంటుతూ, కుర్చీలు పట్టుకుంటూ, ప్రసంగం కోసం సిద్ధం చేసిన మైకు దగ్గరికి చేరి, దాన్ని రెండు చేతులతో దొరకబుచ్చుకున్నాడు.

"ఆగండి."

యాభై ఏళ్ళు కూలీల మీద పనిచేసిన గొంతు అది. పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా నిలబడిపోయారు. లోపల స్పీకర్లలోనూ, బయట వాకిట్లో కట్టిన స్పీకర్లలోనూ ఆయన ఊపిరి వినబడుతోంది.

"వెనక్కి వెళ్ళండి నాన్నా. పరిగెత్తకండి, తోసుకోకండి. మెల్లగా బయటికి పొండి. ఇన్స్పెక్టర్‌గారూ, ఆ చివర ఎర్ర చక్రం తిప్పించండి, నీళ్ళు కాలవలోకి పోతాయి."

బావగారు ఎప్పుడూ లేనిది, చెప్పింది చెప్పినట్టు చేశాడు. దిమ్మ అడుగున ఎక్కడో నీళ్ళు గొలుసు తెంచుకున్నట్టు హోరుమన్నాయి. పిల్లలు వెనక్కి తగ్గుతున్నారు. ఉప్పమ్మాయి ట్యాంకు పక్కనే నిలబడి, తగ్గిపోతున్న నీటిమట్టాన్నీ, బిత్తరపోయి అడుగుకి చేరుతున్న చేపల్నీ చూస్తోంది. చేతిలో వల, కాళ్ళ దగ్గర బకెట్లు సిద్ధంగా ఉన్నాయి. మొహం మీద కన్నీళ్ళు ఇప్పుడు ఎవరికీ దాచడం లేదు.

చివరి పిల్లవాడు గడప దాటాకే పిన్ని బెంచీ మీదనుంచి లేచింది. లేచాక కానీ తెలియలేదు, రవికె వీపంతా తడిసిపోయిందని.

పెద్దాయన మైకు వదల్లేదు. జేబులోంచి ప్రసంగం కాగితం తీశాడు, ఒకసారి చూశాడు, మడిచి మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

"ఆ అమ్మాయి ఉప్పు పోతోందని చెప్పింది," అన్నాడు. "నీ మీటరు చెడిందన్నాను. మీటరు బాగానే ఉంది."

బయట ఊరు ఊరంతా వింటోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అతుకు లెక్క వేసింది నేను. తప్పు వేశాను. తప్పని మొదటి వారమే తెలిసింది. తప్పు నాది."